కుడివైపు గడి

మందుల గది నుంచి,
వానలు మొదలైన వారం.

తమ్ముడికి,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు కోపం రాయనీ. ఫోను ఎందుకు చెయ్యలేదంటే, నేను కాస్త గొంతు పెంచగానే నువ్వు సిగ్నల్ లేదంటావు. కాగితంతో ఆ ఆటలు సాగవు.

మీ టాబ్లెట్ల మొదటి డబ్బా వానలకి చాలా ముందే వచ్చింది. దాని మీద "సంప్రదాయ వైద్యురాలి పద్ధతి ప్రకారం" అని అచ్చు వేశారు. చూసి మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు ఈ గదిలో కూర్చుని కీళ్ళవేరు దంచి, కాచి, వడగట్టి, మోకాళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళకి పోశాను. రాళ్ళు చదువుకున్న నువ్వు, వేళ్ళు తెలిసిన నేను, మరలు తెలిసిన మైక్రాన్ కలిసి రెండేళ్ళు పడ్డ పాట్లు డబ్బాలోకి ఎక్కాయంటే ముచ్చటే కదా. మైక్రాన్‌ని అడిగానని చెప్పు. ఆ పేరు నేను పెట్టిందే కదా, మొదటిసారి వచ్చినప్పుడు నా పొడి ఎన్ని మైక్రాన్లు ఉంటుందని అడిగాడు, ముక్కులోకి పోతే తుమ్ము వచ్చేంత అన్నాను. అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు పాపం.

ఇప్పుడు అసలు సంగతి. ఎదురింటి కుట్టుమిషనామె నీకు తెలుసు, నీ చొక్కాకి బొత్తాలు కుట్టింది. ఆరేళ్ళు నా కషాయం తాగింది, ఒక్కనాడు తేడా చెయ్యలేదు. నా భుజం దంచనివ్వడం లేదని, మా తమ్ముడు చేయించినవే కదా అని, నేనే ఆమెని టాబ్లెట్ల మీదకి మార్చాను. నాలుగు నెలలైంది. కడుపులో మెలి పెట్టినట్టు నొప్పి అంటోంది. మొహం పాలిపోయింది. నిన్న నా కళ్ళముందు సూది మూడుసార్లు జారిపోయింది చేతిలోంచి. నవ్వి తీసుకుంది, నాకు మాత్రం నవ్వు రాలేదు. టాబ్లెట్లు ఆపించి ఆసుపత్రికి పంపాను. ఇంకో ఇద్దరు కూడా కడుపునొప్పి అంటున్నారు.

నా వేరు అలా చెయ్యదు. అందులో ఏం కలిపారు? నీళ్ళు నమలకుండా జవాబు రాయి.

నేను క్షేమం.
అక్క

*

పరిశోధనశాల, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల నుంచి.

అక్కకి,

నీ ఉత్తరం అందిన రోజే డబ్బాలు పరీక్షకి పంపాను. టాబ్లెట్లలో సీసం ఉంది. ఉండకూడనంత ఉంది. నీ దగ్గర దాచలేను కాబట్టి చెబుతున్నాను, ఇంకెవరితోనూ అనకు.

నువ్వు బెంగ పెట్టుకోకు. డైరెక్టరుగారి అనుమానం కొత్త పొడి మర మీద ఉంది. అందులో తిరిగే భాగాల్లో ఏదో మిశ్రలోహం వాడారట, అది అరిగి పొడిలో కలిసి ఉంటుందంటున్నారు. మైక్రాన్ కాదంటున్నాడు కానీ, తన మరని ఎవరు తప్పు పట్టుకుంటారు చెప్పు. మట్టి వైపు నుంచి ఏ లోపమూ లేదు. కొండ మీద పన్నెండు నమూనాలు నేనే తీశాను, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు పక్కనే ఉన్నావు. పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి. కొండ మట్టి మంచిదని సంతకం చేసింది నేనే.

మర మార్చేస్తే సమస్య తీరిపోతుంది. కుట్టుమిషనామెకి ధైర్యం చెప్పు. మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు

*

మందుల గది బయట, మెట్ల మీద నుంచి.

ఒరేయ్ తమ్ముడూ,

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చూశావుగా. గదికి తాళం వేసి సీలు కొట్టారు. నిన్న పొద్దున ఇద్దరు ఆఫీసు మనుషులు వచ్చారు. ఒకాయన సీసాలన్నీ మూత తీసి వాసన చూశాడు, ఆఖరిదానికి తుమ్మాడు, ఆ తుమ్ముని కూడా నా నేరంలో కలిపినట్టు నావైపు చూశాడు. డబ్బా మీద నా పద్ధతి అని ఉంది కాబట్టి జబ్బుకీ నాదే పూచీ అట. నా కషాయంలో ఏముందో చూడండి అంటే అదీ పట్టుకెళ్ళారు. ఫలితం వచ్చేదాకా గది తెరవకూడదు. ముప్ఫై ఏళ్ళలో జ్వరమొచ్చినా తెరిచిన గది.

వీధి వీధంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని, జాలిపడితే ఏం చెయ్యను?

మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. చేతిలో ఇంకేం పని ఉంది కనక. నువ్వు మర అంటున్నావు. మరి మీవాళ్ళు వేరు ఎక్కడ తవ్వుతున్నారు? పాలబ్బాయి చెప్పాడు, లారీ కొండ కింద రోడ్డు పక్కనే ఆగుతుందట, అక్కడే తవ్వి అక్కడే ఎక్కిస్తున్నారట. అది తెల్లరాయి ఉండే చోటు. నల్లరాయి దాకా ఎక్కాకే తవ్వాలని, తెల్లరాయి మీద మొలిచింది ఎంత లావుగా ఉన్నా ముట్టుకోకూడదని నీకు చెప్పానా లేదా? మా అత్తగారు నాకు నేర్పిన మొదటి మాట అది. పక్కన నువ్వున్నావు, చేతిలో ఫారం ఉంది, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నావు. మరి ఆ మాట లారీవాళ్ళ దాకా ఎందుకు వెళ్ళలేదు?

ఎవరో మింగేశారు ఆ మాటని. ఎవరో కనుక్కో. నా మాట మింగినవాడికి కడుపునొప్పి రావాలి గానీ కుట్టుమిషనామెకి ఎందుకు వచ్చింది?

అక్క

*

పరిశోధనశాల కార్యాలయం నుంచి.

గౌరవనీయులైన అక్కగారికి,

మీ లేఖలో ప్రస్తావించిన అంశాలను పరిశీలించడమైనది. ముడిసరుకు సేకరణ స్థలాన్ని నిర్ణయించడం సేకరణ విభాగం పరిధిలోనిది. క్షేత్ర సమాచార పత్రాలను నిబంధనల మేరకు ప్రాజెక్టు సిబ్బంది పూరించి సంబంధిత విభాగాలకు పంపడం జరిగింది. విచారణ కొనసాగుతున్నందున ఇంతకు మించి వివరాలు తెలియజేయడం సాధ్యపడదు.

మీ సహకారానికి ధన్యవాదాలు.

(సంతకం)
భూగర్భశాస్త్ర విభాగం

*

వంటింటి బల్ల నుంచి,
నీ టైపు కాగితం అందిన నాలుగో రోజు.

భూగర్భశాస్త్ర విభాగంగారికి,

ఎవరండీ మీరు? నాకు ఒక తమ్ముడుండేవాడు. అన్నం మెతుకులు లెక్కపెట్టి తినేవాడు, జేబు నిండా రాళ్ళు వేసుకుని తిరిగేవాడు, వాడి చొక్కా జేబులు కుట్టీ కుట్టీ నా వేళ్ళకి కాయలు కాశాయి. పలక మీద చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను. వాడు నన్ను అక్కగారు అని ఎప్పుడూ అనలేదు. మొదటిసారి మీ కాగితం చదివినప్పుడు ఒళ్ళు మండింది, రెండోసారి ఏడుపొచ్చింది, మూడోసారి మళ్ళీ ఒళ్ళు మండింది. ఇప్పుడు మండుతున్నప్పుడే రాస్తున్నాను.

నిన్న మైక్రాన్ వచ్చాడు. బస్సు దిగి తిన్నగా ఇక్కడికే. టీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు తప్ప తాగలేదు. మర మొత్తం విప్పి, ఒక్కో ముక్కని తుడిచి, తుడిచిన గుడ్డలన్నీ పరీక్ష చేయించాడట. ఎక్కడా సీసం లేదు. మరలోకి వెళ్ళకముందు గోతాల్లో ఉన్న వేరు చూస్తే అందులోనే ఉందట. ఆ మాట చెబితే డైరెక్టరు వినడం లేదు. శుక్రవారం సమావేశంలో, మర లోపం వల్లే జరిగిందని మైక్రాన్ చేత సంతకం పెట్టిస్తారట. సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, పెట్టకపోతే కూడా పోతుంది.

"నా ఉద్యోగం సంగతి తర్వాతండీ," అన్నాడు. "మర మార్చి, మళ్ళీ అదే లారీ, అదే గుంట. వచ్చే నెల రెట్టింపు డబ్బాలు."

ఆ కుర్రాడికి ఉన్న బుద్ధి మీ విభాగం మొత్తానికి లేకపోయింది.

సంచిలోంచి నకలు తీసి చూపించాడు. క్షేత్ర సమాచార పత్రం. రెండు గడులు. ఎడమ గడి మీద 'పద్ధతి', కుడి గడి మీద 'నమ్మకాలు'. ఎడమ గడిలో ఉన్నవే మరలవాళ్ళకీ, లారీవాళ్ళకీ వెళ్తాయట. కుడి గడి బీరువాలోకి పోతుంది, ఎవరూ చూడరు. ఎడమవైపు అన్నీ ఉన్నాయి, ఎంతసేపు ఎండబెట్టాలి, ఎన్ని పాళ్ళ నీళ్ళు, ఏ గుడ్డతో వడగట్టాలి. కుడివైపు ఒకే ఒక్క మాట. "నల్లరాయి కింద తవ్వరాదు. తవ్వితే వేరు అలుగుతుందని వైద్యురాలి విశ్వాసం."

రాత చూశాను. ప్రాజెక్టు సిబ్బంది రాత అట. పలక మీద నేను పట్టుకున్న చెయ్యిరా అది. ఒక్కో అక్షరం కిందకి జారుతున్నట్టు రాసే నీ రాత నాకు తెలియదా? గ్లాసులు కడుగుతానని లోపలికి వెళ్ళి అక్కడ నిలబడ్డాను.

నువ్వు రాళ్ళు చదువుకున్నవాడివి. నల్లరాయి, తెల్లరాయి అని నేను అంటున్నప్పుడు అది నీ చదువురా. వేరు అలుగుతుందని మా అత్తగారు అనేది, నేనూ అలాగే అన్నాను. ఎందుకని ఆవిడని నేను అడగలేదు, అది నా తప్పు. అడిగి ఉంటే నీకు సమాధానంగా చెప్పేదాన్ని. కానీ అడగాల్సిన చదువు చదివింది నువ్వు.

ఇంకొకటి కూడా చూశాను. ఎడమ గడిలో అడుగున ఒక వాక్యం గట్టిగా కొట్టేసి ఉంది. చదవనివ్వకుండా కొట్టేశావు. ఏమిటది?

శుక్రవారం ఎంతో దూరం లేదు.
అక్క

*

ఇంటి నుంచి.

అక్కా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

కొట్టేసిన వాక్యం: "నల్లరాయికి పైన మాత్రమే తవ్వాలి." ముందు ఎడమ గడిలోనే రాశాను. అక్కడికక్కడ, కొండ మీద, నువ్వు చెబుతుండగానే. నీ మాట వినలేదని అనుకోకు. విన్నాను.

మర్నాడు సమావేశంలో ఫారం చదివి వినిపించాలి. ఆ వాక్యం దగ్గరికి రాగానే డైరెక్టరు ఎందుకని అడిగారు. నువ్వు చెప్పిందే చెప్పాను, కింద తవ్వితే వేరు అలుగుతుందని. అందరూ నవ్వారు. ఒకాయన, బతిమాలితే అలక తీరుతుందేమో కనుక్కోండి అన్నాడు. నేనూ నవ్వాను. నువ్వు నా అక్కవని అక్కడ అందరికీ తెలుసు. ముప్ఫై రెండేళ్ళు వాళ్ళ మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి, మా అక్క అలాంటి మాట అందని సిగ్గేసింది. భోజనానికి లేచినప్పుడు ఆ వాక్యం కొట్టేసి కుడివైపు రాశాను. అంతే జరిగింది. మరిచిపోవడం కాదు, పొరపాటు కాదు.

ఇంకో సంగతి. ఆ పన్నెండు నమూనాలూ నల్లరాయి పైనుంచే తీశాను, ఎందుకంటే నువ్వు నన్ను అక్కడికే తీసుకెళ్ళావు. సంతకం మాత్రం కొండ మొత్తానికి చేశాను. దిగేటప్పుడు తెల్లరాయిలో బూడిదరంగు చారలు మెరుస్తుంటే చూశాను కూడా. అలాంటి చార చూస్తే సుత్తి తియ్యాలని మొదటి ఏడాది పిల్లలకి నేనే పాఠం చెబుతాను. బస్సు తప్పిపోతుందని తియ్యలేదు.

నిన్న ఒక్కణ్ణే వెళ్ళి కింద మట్టి తీసుకొచ్చాను. సీసపు రాయే అది. మీ అత్తగారి గీత ఎక్కడుందో సీసం సరిగ్గా అక్కడ ఆగిపోయింది.

అన్నీ నీకు చెప్పేశాను. ఒక్కటి అడుగుతాను. మూడు నెలల్లో నా పదవీ విరమణ. అప్పటిదాకా లారీని పైకి పంపించే ఏర్పాటు నేను మెల్లగా, ఎవరికీ తెలియకుండా చేస్తాను. మైక్రాన్‌కి వేరేచోట ఉద్యోగం చూపిస్తాను. ఆ తర్వాత అంతా నేనే బయటపెడతాను. మూడు నెలలు ఓర్చుకో అక్కా.

తమ్ముడు

*

వంటింటి బల్ల నుంచి, బుధవారం.

మూడు నెలలా?

ఈ కవరులో రెండు గుడ్డముక్కలున్నాయి. రెండింటిమీదా బొత్తాం కాజా కుట్టింది కుట్టుమిషనామే. మొదటిది పోయినేడాదిది, నా జాకెట్టు కుడుతూ మిగిలిన ముక్క మీద సరదాగా కుట్టి ఇచ్చింది. రెండోది ఇవాళ పొద్దున నేను అడిగితే కుట్టింది. ఎందుకని అడగలేదు. అరగంట పట్టింది, మణికట్టు నిలబడక ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కుట్టింది. పూర్తయ్యాక, బాగా రాలేదండీ, పారెయ్యండి అంది. ఆమెని ఆ టాబ్లెట్ల మీదకి మార్చింది నేను. నీ పేరు చెప్పి మార్చాను.

రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, మూడు నెలలు అనే మాట పైకి చదువు.

ఎవరికీ తెలియకుండా చేస్తాడట. ఇప్పటికే పంచిన డబ్బాలు మింగుతున్నవాళ్ళకి ఎవరు చెబుతారు? వాళ్ళకీ ఎవరికీ తెలియకుండానే నయమవుతుందా? పదవీ విరమణ రోజు నీకు దండ వేస్తారు, ఆ దండ నీ మెడలో ఉండగా ఎన్ని చేతుల్లోంచి సూదులు జారతాయి? మైక్రాన్‌కి ఉద్యోగం చూపిస్తాడట. వాడికి కావలసింది ఉద్యోగం కాదురా, వాడి మర తప్పు చెయ్యలేదని ఒక్కడు అనడం.

నలుగురు నవ్వారని నా మాటని బీరువాలో పెట్టావు. నా మాట కూడా కాదు, అక్షరం ముక్క రాని మా అత్తగారి మాట. కొండంతా కాళ్ళతో కొలిచి, ఎవరెవరు ఏ వేరు తాగి ఏమయ్యారో చూసి చూసి, ఆవిడ ఆ గీత గీసింది. అలక అని ఎందుకందంటే, సీసం అనే మాట ఆవిడకి ఎవరూ నేర్పలేదు కాబట్టి. మీకందరికీ నేర్పారు. నేర్పినందుకు నవ్వారు.

నేను శుక్రవారం అక్కడికి రాను. వస్తే నేనే చెప్పేస్తాను, అప్పుడు నువ్వు చెప్పడానికి ఏమీ మిగలదు. సంతకం మైక్రాన్ పెడతాడో నువ్వు పెడతావో నాకు తెలియాలి.

అక్క

*

ఇంటి నుంచి, శనివారం.

అక్కా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైక్రాన్ ముందు కాగితం పెట్టారు. కలం మూత తీశాడు కూడా. నేను లేచి, రెండు గుడ్డముక్కలూ బల్ల మీద పెట్టాను. ఇవేమిటని డైరెక్టరు అడిగారు. చెప్పాను. ఫారం అసలు ప్రతి తెప్పించమన్నాను. కొట్టేసిన వాక్యం ఏమిటో, ఎప్పుడు కొట్టేశానో, ఎందుకు కొట్టేశానో చెప్పాను. ఎవరు నవ్వారో చెప్పలేదు, నేను నవ్వానని చెప్పాను. పన్నెండు నమూనాల సంతకం తప్పని రాసిచ్చాను, కింది మట్టి ఫలితాలు పక్కన పెట్టాను.

తర్వాత ఒకాయన, ఇదంతా ఇప్పుడు రికార్డులోకి ఎందుకు, లారీని పైకి పంపితే సరిపోతుంది కదా అన్నాడు. అచ్చం నేను నీకు రాసిన మాటే. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉందో తెలిసింది. అప్పుడు మైక్రాన్ కలం మూత పెట్టేసి, డబ్బాలన్నీ వెనక్కి రప్పించమని లేచి నిలబడి అడిగాడు. నేనూ అడిగాను. సాయంత్రానికి ఒప్పుకున్నారు. ఈ ఉదయం పత్రికలో ప్రకటన వచ్చింది, కత్తిరించి పంపుతున్నాను. మింగినవాళ్ళందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని అందులో ఉంది.

నీ కషాయంలో సీసం లేదని ఫలితం వచ్చి పదిరోజులైందట. ఎవరూ నీకు చెప్పలేదు. నాకూ నిన్ననే తెలిసింది. తాళం తీసే కాగితం సోమవారం వస్తుంది.

నన్ను విధుల్లోంచి తప్పించారు. విచారణ పూర్తయ్యేదాకా ఇంట్లో ఉండాలి. దండ సంగతి మరిచిపో. మీ మరదలు ఇవాళ అన్నం పెడుతూ, ఈ పని ఆ రోజే చేసి ఉండాల్సింది అంది.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

తమ్ముడు

*

మందుల గది లోపలి నుంచి.

తమ్ముడికి,

తాళం తీశారు. సీలు మైనం తలుపుకి ఇంకా అంటుకునే ఉంది, గీకాలి. తుమ్మినాయనే వచ్చి తీశాడు, ఈసారి ఏ సీసా మూతా తియ్యలేదు. లోపల వేళ్ళకి బూజు పట్టింది. సగం పారేశాను. పారేస్తున్నంతసేపూ నిన్ను తిడుతూనే ఉన్నాను, నీకు పొలమారి ఉంటే అందుకే.

క్షమించానని రాయను. రాస్తే నీకు తేలికవుతుంది, నాకు కాదు. కుట్టుమిషనామెకి వైద్యం నడుస్తోంది. చెయ్యి చాలావరకు వస్తుందట, ఎప్పటికో డాక్టరు చెప్పలేదు. నిన్న మిషను మీద గుడ్డ కప్పేసింది, చూస్తుంటే బాధగా ఉందట. నువ్వు జరిగింది ఒప్పుకున్నావని నేనే ఆమెకి చెప్పాను. అంతా విని, ఆయన చొక్కా బొత్తాలు ఊడితే ఇప్పుడు ఎవరు కుడతారండీ అంది. ఆ మాటకి జవాబు నువ్వే వచ్చి ఆమెకి చెప్పుకోవాలి, నేను మోసుకెళ్ళను.

నీకు ఇప్పుడు ఆఫీసు లేదు, బస్సు తప్పిపోతుందన్న భయం లేదు. వచ్చే సోమవారం రా. గట్టి చెప్పులు వేసుకో, సుత్తి తెచ్చుకో. నల్లరాయి ఎక్కడ మొదలవుతుందో కొండ చుట్టూ నడిచి గుర్తులు పెట్టాలి. మైక్రాన్ కూడా వస్తానన్నాడు, సున్నం డబ్బా మోస్తాడట. మా అత్తగారు కాళ్ళతో గీసిన గీతని నువ్వు కాగితం మీద గియ్యాలి, కింద ఆవిడ గీసిందని రాయాలి. సంతకం మాత్రం నడిచిన మేరకే.

మైక్రాన్ మరిచిపోయిన ఖాళీ ఫారం ఒకటి నా దగ్గరుంది. రెండు గడులదే. చేతిలో ఉంది కదా అని కూర్చుని నింపాను. "మా తమ్ముడు నిజం చెబుతాడు" అనే వాక్యం ఏ గడిలో రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. నీ టైపు కాగితం వచ్చిన రోజైతే ఆలోచించకుండా కుడివైపు రాసి బీరువాలో పెట్టేదాన్ని.

ఎడమవైపే రాశాను. పెన్సిలుతో రాశాను.

అక్క